మందు కొట్టని మందు

ఆదివారం. టంగుటూరులో వేలం లేదు.
బేళ్ళ ట్రాక్టర్లు తిరగవు, గాలి ఖాళీగా ఉండిద్ది.
పాస్టరుగారి బండి మలుపు తిరిగిందాకా ఆగి
మా మేనల్లుడు జోయేలు
బెంగళూరు నుంచి తెచ్చిన ఐసు పెట్టె తెరిచాడు.
ఆరు పచ్చ సీసాలు.
వసారాలో గోనెపట్టా మీద వరసగా పెట్టాడు,
పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు.

"అత్తా, నీ ముక్కు కావాల."

ముప్పైరెండేళ్ళు ఈ ముక్కుతో బతికినదాన్ని.
బేలు తాడు విప్పకముందే చెప్పేదాన్ని
ఏ బ్యారన్లో మంట ఎక్కువైందో,
ఎవరు తడాకును మధ్యలో దాచారో.
కొనేవాళ్ళు నా మొహం చూసి ధర పెంచేవాళ్ళు, దించేవాళ్ళు.
నాకు మాత్రం రోజుకింతని కూలి.

వాడి చేతిలో ఒక కాగితం.
రంగుకి పది, నురగకి పది, వాసనకి, రుచికి,
మింగినాక మిగిలేదానికి పది.
"జర్మనీ పద్ధతి. లాగర్ అంటారు.
బార్లీ, హాప్స్ పూలు, ఈస్టు, నీళ్ళు. ఐదోది ఉండదు."
నాలుగిటితో పచ్చిపులుసు కూడా కాదు గదరా అన్నా.
"పైగా సేంద్రియం అత్తా. పైరుకి మందే కొట్టరు."

మందు కొట్టని మందు!
నవ్వాపుకోలేకపోయా.
తర్వాత అదే ఆగింది.
మా వైపు ఎవరన్నా మందు తాగాడంటే
ఏ మందని ఇంకోసారి అడుగుతాం.
జవాబును బట్టి
తిట్టుకుంటా ఇంట్లోకి పోవటమో
ఒంగోలు పెద్దాసుపత్రికి ఉరకటమో.

పొయ్యిరా, అన్నా.

హార్లిక్సు సీసా కడిగి అందులో పోశాడు.
ఎండకి ఎత్తి చూశా.
మూడో రెలుపు ఆకు రంగు. నిమ్మపండు పసుపు. మచ్చ లేదు.
నురగేమో, కొత్తపట్నంలో అల వెనక్కి పోయాక
పోదామా వద్దా అని ఇసక మీద తచ్చాడేది.

కళ్ళు మూసి వాసన పట్టా.
ముందు అగ్గిపుల్ల గీసినట్టు సన్నగా గంధకం.
"అది ఉండాలత్తా, అది దాని జాతి..."
నువ్వు మాట్లాడమాక.
ఆ వెనక రొట్టె పెంకు,
వాన తగలని వరిగడ్డి వామి,
ఇంకా వెనక, పిలిస్తేగాని పలకనంత దూరాన
తేనె.

తాగా.
జొరమొస్తే మా అమ్మ కాచిన బార్లీ నీళ్ళు
పెద్ద చదువు చదువుకుని వచ్చినట్టుంది.
చేదు చెప్పులు గడప బయట విప్పి వచ్చింది,
మర్యాదగా కూర్చుంది, మర్యాదగా లేచిపోయింది.

"చలిలో ఆరు వారాలు నిద్రపుచ్చుతారత్తా."
మేం ఆకుని వేడిలో పెట్టి
ఆరు రాత్రులు మేం నిద్రపోకుండా కాస్తాం.

నాలుగో సీసా మూత తియ్యగానే పక్కన పెట్టా.
ఇది ఎండలో కూర్చుంది.
"లేదత్తా, అన్నీ ఒక పెట్టెలోయే."
ఎండలో కూర్చుందిరా. ముంగిస తిరిగిన పొద కంపు.
గంట కాదు, పూట.
వాడు ఆలోచించాడు. నాలిక కరుచుకున్నాడు.
బద్వేలు దగ్గర తెల్లారాక
పక్క సీటాయనకి చూపించటానికి ఒకటి తీశాడంట,
టంగుటూరు దాకా కిటికీ కాడే మరిచాడంట.
నా వైపు నోరు తెరుచుకుని చూశాడు.
ముప్పైరెండేళ్ళలో ఒక్కరన్నా
ఇట్టా చూసుంటేనా!

మార్కులెయ్యమన్నాడు.
పదికి ఎన్నో నాకు తెలవదు, మా లెక్కలో రాయి:
మేలు సరుకు. తడి లేదు. కల్తీ లేదు.
ఒక్కటే లోపం,
మింగినాక ఏం మిగల్లా.

"అది లోపం కాదత్తా. లాగరంటే
శుభ్రంగా వెళ్ళిపోవాల."

వెళ్ళిపోవటమే గుణమైన చేదుంటదని
ఇయ్యాలే విన్నా.

రాత్రి అన్నం కలుపుకుంటే
పప్పులో, మజ్జిగలో, మూడుసార్లు తోముకున్న వేళ్ళలో
ఆకు జిగురు అట్టాగే ఉంది.
పని మానేసి రెండేళ్ళు.
దీన్ని ఏ దేశం పద్ధతంటారో
ఈసారి వచ్చినప్పుడు వాణ్ణి అడగాల.